ముడుతలపై ఆమ్లము, కాంతి

ఈజిప్టు రాణి క్లియోపాత్రా పుల్లని పాలతో స్నానము చేసెడిదని ఒక కథ యున్నది. కథ నిజమో కాదో గాని, పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లము చర్మముపై మృతకణములను వదలించు మాట నిజమే.

ఎండలోని అతినీలలోహిత కిరణములు లోచర్మములోని కొల్లాజెన్ పోగులను చెరచును. దానివలన ముడుతలు పడును. పైపొరను ఒలిచినచో రోమకూపముల గోడలలో మిగిలిన కణములు పైకి ప్రాకి క్రొత్త పొరను అల్లును, లోపల క్రొత్త కొల్లాజెన్ పుట్టును. గాయము ఆ కూపముల అడుగును కూడ దాటినచో మిగులునది వికారమైన మచ్చయే. కనుక ఈ చికిత్స చరిత్ర అంతయు లోతును అదుపులో నుంచుటకై జరిగిన ప్రయత్నమే.

1882లో జర్మను వైద్యుడు ఉన్నా చర్మముపై సాలిసిలిక్ ఆమ్లము, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లము, ఫీనాల్ మొదలగువాని ప్రభావమును వర్ణించెను. 1960 ప్రాంతమున అమెరికాలో బేకర్, గోర్డన్ అను వైద్యులు ఒక మిశ్రమమును ప్రచారములోనికి తెచ్చిరి: 88 శాతము ఫీనాల్ 3 మిల్లీలీటర్లు, నీరు 2 మిల్లీలీటర్లు, సబ్బుద్రవము 8 చుక్కలు, నేపాళపు నూనె 3 చుక్కలు. మన వైద్యములో విరేచనకారిగా పేరుమోసిన నేపాళమే ఇది! పని చేయునది ఫీనాలేయనియు, నూనె కేవలము తోడ్పాటనియు నలువది ఏండ్లు నమ్మిరి. 2000లో హెట్టర్ అను వైద్యుడు నిష్పత్తులను మార్చి పరీక్షింపగా, లోతును ముఖ్యముగా నిర్ణయించునది ఆ మూడు చుక్కలేయని తేలినది. అయినను ఫీనాల్ నిరపాయకరము కాదు. రక్తములో చేరి గుండె లయను చెరుపగలదు. అందుచే ముఖమును భాగములుగా, నడుమ వ్యవధి నిచ్చుచు ఒలుచుదురు.

కాంతి కథ వేరు. మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ లేసరును నిర్మించెను. దాని 10.6 మైక్రోమీటర్ల కిరణమును నీరు మిక్కిలిగా గ్రహించును. చర్మములో అధికభాగము నీరే గదా! కాని ఎడతెగని కిరణము వేడిని చుట్టుప్రక్కలకు ప్రాకించి మచ్చలు చేసెను. కణజాలము చల్లబడుటకు పట్టు కాలముకంటె కిరణపు విసురు పొట్టిదైనచో వేడి ప్రాకదని 1983లో ఆండర్సన్, పారిష్ చూపిరి. 1990ల యంత్రములు మిల్లీసెకనుకంటె తక్కువ కాలపు విసురులను వాడినవి. 2004లో చర్మమునంతను గాక సన్నని చుక్కలుగా మాత్రమే కాల్చి, నడుమ మంచి చర్మమును విడిచిపెట్టు పద్ధతి వచ్చినది.

అట్లని లేసరు ఆమ్లమును గెలిచినదనుట తొందరపాటు. యంత్రముతో లోతును నిర్ణయించుకొనుట సులభము, గుండెకు ఫీనాల్ భయము లేదు. ఆమ్లమునకు యంత్రపు ఖర్చు లేదు. లోతైన ముడుతలపై నేపాళపు మిశ్రమపు ఫలితము నేటికిని గట్టిదే. ఐతే ఈ రెండింటి లోతైన చికిత్సలును తెల్లని చర్మమును దృష్టిలో నుంచుకొని పెరిగినవి. చామనచాయ చర్మము గాయపడినచో మెలనిన్ విజృంభించి నల్లని మరకలు పడవచ్చును. మరీ లోతైనచో రంగే శాశ్వతముగా పోవచ్చును. అట్టివారికి వైద్యులు సాధారణముగా గ్లైకాలిక్ ఆమ్లము వంటి పైపై ఒలుపులనో, తక్కువ తీవ్రత గల చుక్కల లేసరునో పలుమార్లుగా వాడి, నడుమ ఎండ తగులనీయవద్దని హెచ్చరింతురు.