చూడని ముఖానికి రూపం



నాందేడులో సచ్‌ఖండ్ గురుద్వారాకు వెళ్ళే దారిలో దుకాణాల ముందు ఒక పటం వేలాడుతూ ఉంటుంది. తలపాగాకు కలికితురాయి, చేతిమీద తెల్లని డేగ. దేగలూరు నుంచి వచ్చిన రైతైనా, ధర్మాబాదు నుంచి వచ్చిన విద్యార్థైనా చూడగానే గురు గోవింద సింగ్ అని చెప్పేస్తారు. ఆయన 1708లో ఇక్కడే, గోదావరి ఒడ్డున, తనువు చాలించారు. ఫొటో అనేది లోకంలోకి రావడానికి ఇంకా నూరేళ్ళకు పైగా వ్యవధి ఉన్న కాలమది. మరి ఈ ముఖం మనకెలా వచ్చింది?

సిక్కు గురువుల రూపాలను ఈనాటి ఇళ్ళకు చేర్చినవారిలో ముఖ్యుడు శోభా సింగ్ అనే చిత్రకారుడు. గురునానక్ అయిదువందల జయంతి సందర్భంగా, 1969లో, ఆయన గీసిన పటం నేటికీ ఇంటింటా ఉంది. అమృతసర్‌లో స్వర్ణమందిరం ఆవరణలోనే 1958లో కేంద్రీయ సిక్కు మ్యూజియం ఏర్పడింది. గురుద్వారాల ప్రబంధక కమిటీ దీన్ని నడుపుతుంది. ఇక్కడ ఎవరి పటం పెట్టాలన్నది చిత్రకారుడు తేల్చడు, కమిటీ తీర్మానిస్తుంది. తర్వాత తైలవర్ణ చిత్రం తయారవుతుంది, సభ చేసి ఆవిష్కరిస్తారు. నాందేడులో గురువును కలిసి, మాధోదాస్ అనే బైరాగి బందా సింగ్ బహదూర్‌గా మారాడు కదా, అలాంటి మన ఊరి ఘట్టాలకు రూపం కట్టే పని ఇటువంటి చిత్రకారులదే. ఈ మ్యూజియం తొలినాళ్ళలో కృపాల్ సింగ్ అనే ఆయన చరిత్ర ఘట్టాలెన్నో గీశారు.

లండన్‌లో ప్రముఖుల చిత్రాలకే ప్రత్యేకించి ఒక మ్యూజియం ఉంది. పేరు నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, పుట్టింది 1856లో. వాళ్ళ మొదటి నియమాలు విచిత్రంగా తోస్తాయి. చిత్రం ఎంత బాగుందన్నది ప్రధానం కాదు, చిత్రంలోని మనిషి ఎవరన్నదే ప్రధానం. ఆ మనిషిలో పెద్ద దోషాలున్నా, ఆ కారణంగా తోసిపుచ్చకూడదు. రాజు, రాణి తప్ప మిగతావారు చనిపోయి పదేళ్ళు గడవాలి. వేడి చల్లారాక తూచి చూద్దామన్నమాట! ఈ పదేళ్ళ నిబంధనను 1969లో ఎత్తివేశారు. బతికి ఉన్నవారిని కూర్చోబెట్టి గీయించడం ఆ తర్వాతనే ఊపందుకుంది. ధర్మకర్తలు పేరు ఖరారు చేస్తారు, ఆ మనిషికి తగిన చిత్రకారుణ్ణి వెతుకుతారు. ఆపైన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవలసిందే.

కూర్చునే మనిషి ఉంటే పని సులువు. మన తెలుగువారికి వచ్చిన చిక్కు వేరు. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద 33 మంది తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలిపారు. అది మ్యూజియం కాదు, కాని టిక్కెట్టు లేని మ్యూజియమే అనుకోండి. వీరేశలింగంగారికి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఫొటోలున్నాయి. శ్రీకృష్ణదేవరాయలకు తిరుమల గుడిలో, ఇరువురు రాణులతో కూడిన లోహమూర్తి ఉంది. తిక్కనకు, పోతనకు, మొల్లకు ఏముంది? పద్యాలే ఉన్నాయి. అలాంటప్పుడు శిల్పి ఆ కాలపు గుడి శిల్పాలలో కట్టూబొట్టూ, నగలూ చూసుకోవాలి. చేతికి తాటాకు గ్రంథం ఇచ్చి, ముఖం మాత్రం తన మనసులోంచి తీయాలి.

మా తరగతిలో ఒక పిల్లవాడు పోతన బొమ్మ చూసి, "సార్, ఈయన నిజంగా గిట్లనే ఉండెనా?" అన్నాడు. ఎవరికీ తెలియదన్నాను. "మరి పరీక్షల ఎట్లా గుర్తుపట్టాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అయితే ముఖం కంటే పెద్ద తగవు జాబితాది. తెలంగాణవారికి ఆ కట్టమీద తగినంత చోటు ఇవ్వలేదన్న కినుక చాలాకాలం ఉంది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజున ఆ విగ్రహాలలో కొన్ని నేలకూలాయి. కవుల విగ్రహాలు పగలడం నాకు నచ్చలేదు, ఆ మాట దాచను. కాని జాబితా రాసిన రోజున అడగవలసిన ప్రశ్నే పాతికేళ్ళకు ఆ రూపంలో వచ్చిందన్నది కూడా నిజం. పడిపోయినవాటిని ప్రభుత్వం మళ్ళీ నిలిపింది. తర్వాతి కాలంలో కొమరం భీము విగ్రహం కూడా ట్యాంక్‌బండ్ చేరింది. కిన్వట్ వాళ్ళకు ఆయన పరాయివాడు కాడు. ఆదిలాబాదు అడవులు వాళ్ళకు పొరుగే.

1956 నవంబరు 1న నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. దాంతో సరిహద్దు తెలుగువాళ్ళు హైదరాబాదు జాబితాలోనూ లేరు, ముంబయి జాబితాలోనూ లేరు. స్వామి రామానంద తీర్థగారికి కొరత లేదు, ఫొటోలున్నాయి, 1994లో నాందేడు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. కాని 1948 జనవరిలో ఉమ్రీ బ్యాంకు మీద దాడి చేసిన హైదరాబాదు పోరాటవీరులలో ఎందరి ముఖాలు మన పిల్లలకు తెలుసు? రేపు ఏ మ్యూజియమైనా వారి చిత్రాలు గీయిస్తానంటే, చిత్రకారుడు మొదట అడిగేది ఒక పాత ఫొటో.

మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అటువంటిది ఉంటే, వెనకవైపు పేరూ ఊరూ సంవత్సరమూ పెన్సిలుతో మెల్లగా రాసి పెట్టండి. సిరా వద్దు, ముందుకు ఊరుతుంది.