చెంచులక్ష్మి సినిమాలో చెంచులు ఎక్కడ?



పోయిన ఆదివారం కుత్బుల్లాపూర్‌లో మా హాస్టల్ రూమ్‌లో నలుగురం కలిసి ఫోన్లో పాత ‘చెంచులక్ష్మి’ చూసినం. 1958 నాటి సినిమా, డైరెక్టర్ బి.ఎ. సుబ్బారావు. దేవుడిగా అక్కినేని నాగేశ్వరరావు, చెంచుపిల్లగా పెద్దాపురం నుంచి వచ్చిన అంజలీదేవి. 1943లో కూడా ఇదే పేరుతో సినిమా వచ్చింది. అందులో కమలా కోట్నిస్ చేసింది. రెండుసార్లూ పేరు చెంచులది, వేషం వేరేవాళ్లది.

నిజం చెప్పాలంటే సినిమా నచ్చింది. చెంచుపిల్ల దేవుడికే పరీక్ష పెట్టే పాట ఉంది కదా, అందులో అడవి తెలిసింది ఆమెకు, నేర్చుకోవాల్సింది ఆయన. మన ఆడపిల్లను అంత దర్జాగా చూపించిన సినిమాలు తక్కువే.

కానీ వైకుంఠంలో లక్ష్మి కూడా అంజలీదేవే. అంటే లక్ష్మీదేవే అడవిలో పుట్టిందని కథ. చెంచుపిల్ల చెంచుపిల్లగానే దేవుడికి సరిపోదా?

నల్లమల చెంచుల లెక్క వేరు. అహోబిలం నరసింహస్వామి వాళ్లకు ఇంటి అల్లుడు. సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవంలో స్వామి ఊరూరా తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలుస్తాడు. అక్కడ చెంచులు పిల్లనిచ్చినోళ్లు, చుట్టాలు.

మా రూమ్‌లో అమ్రాబాద్ వైపు చెంచు తమ్ముడు ఒకడున్నాడు. కొండ అంచు నుంచి తాడుకు వేలాడి తేనె తీసేటప్పుడు, పైన తాడు పట్టుకునేది బావమరిదేనంట. చెల్లెలి పసుపు కుంకుమల కోసమైనా వాడు తాడు వదలడు. ఇట్లాంటి సంగతి ఎవరో ఒక చెంచును అడిగితే తప్ప సినిమాలోకి రాదు.

ఇదొక్క మన దగ్గరే కాదు. 1956లో అమెరికాలో జాన్ ఫోర్డ్ తీసిన ‘ది సెర్చర్స్’లో కొమాంచీ తెగ నాయకుడిగా చేసింది జర్మనీలో పుట్టిన తెల్లవాడు హెన్రీ బ్రాండన్. వెనకాల గుంపులో కొమాంచీలుగా నిలబడ్డది నవాహో తెగవాళ్లు. గుంపుకు ఆదివాసీలు కావాలి, ముఖానికి మాత్రం వద్దు.

హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి, 1943లో పుస్తకం వేశాడు. మొదటి సినిమా వచ్చిన సంవత్సరమే! ఆయన బయటివాడే, అయినా పెంటల్లో ఉండి, అడిగి రాసిండు. చెంచులు మాట్లాడేది తెలుగే. ఆడవాళ్లు కట్టేది చీరే. తలమీద ఈకలు, నడుముకు ఆకులు సినిమాలు మనకు అంటగట్టినవి.

ఎందుకు చెప్తున్నానంటే, నిరుడు ఒక కాలేజీ ఫంక్షన్లో ‘ట్రైబల్ డాన్స్’ అని మాకు కిరాయి ఈకలు, ఆకుల లంగాలు ఇచ్చిండ్రు. మేం కట్టుకున్నం. వద్దు అనడానికి నోరు రాలేదు. మళ్లీ ఆగస్టు 9 వస్తుంది. ఈసారి మీ తండాలో, గూడెంలో, పెంటలో అమ్మమ్మ ఏం కట్టేదో ముందే అడిగి రండి. స్టేజీ ఎక్కితే అదే కట్టుకొని ఎక్కుదాం.