తలుపు తట్టిన దొంగ ప్రింటర్

సూరత్‌లో తపతికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిలో లైనక్స్ కంప్యూటర్ నుంచి బిల్లు ముద్రించినా, హైదరాబాద్‌లో అలాంటి కంప్యూటర్ నుంచే హాల్ టికెట్ తీసినా, తెర వెనుక పనిచేసేది దాదాపు ఖాయంగా కప్స్ అనే సాఫ్ట్‌వేరే. మైకేల్ స్వీట్ 1997లో దీని రచన మొదలుపెట్టాడు. 2002లో ఆపిల్ తన మాక్ కంప్యూటర్లలోకి తెచ్చుకుంది, 2007లో దాని కోడ్‌నే కొనేసింది. అయినా అది అందరికీ ఉచితంగానే మిగిలింది. అది చిన్న విషయం కాదు.

2024 సెప్టెంబర్ 26న సిమోనె మార్గరిటెల్లి అనే ఇటలీ పరిశోధకుడు కప్స్ చుట్టూ అల్లుకున్న లోపాల గొలుసును బయటపెట్టాడు.

నెట్‌వర్క్‌లో కొత్త ప్రింటర్లను వెతికిపెట్టే కప్స్-బ్రౌజ్డ్ అనే సహాయక ప్రోగ్రామ్ 631వ పోర్టు దగ్గర చెవి ఒగ్గి కూర్చునేది. ‘నేను ప్రింటర్‌ని’ అని ఎవరు కబురంపినా నమ్మేది. దాడి చేసేవాడి సర్వర్‌ను అడిగి, అదిచ్చిన వివరాలను సరిచూడకుండానే పీపీడీ ఫైల్లో రాసుకునేది. పీపీడీ 1980ల నాటి పద్ధతి. ప్రింటర్‌కు ఏమేం చేతనవునో చెప్పే జాబితా. పాత ప్రింటర్ల కోసం ఉంచిన ఫూమాటిక్-రిప్ అనే ఫిల్టర్ అందులోని ఒక వరుసను ఆదేశంగా నడుపుతుంది. దొంగ ఆదేశం దూరేది ఆ సందులోంచే.

అయితే ఎవరో ఒకరు ఆ దొంగ ప్రింటర్‌కు కాగితం పంపితేనే ఆ ఆదేశం నడిచేది. ముందుగా ప్రచారమైన 9.9 తీవ్రత స్కోరు జనాన్ని అవసరానికి మించి భయపెట్టింది. లైనక్స్ పంపిణీదారులు త్వరలోనే సవరణలు విడుదల చేశారు. అవి అందేదాకా కప్స్-బ్రౌజ్డ్‌ను ఆపేయడం, 631 పోర్టును మూసేయడం నిర్వాహకుల చేతిలో పనే.