వాదము, జల్పము, వితండము

తెలుగుపల్లెలలో రచ్చబండయొద్ద నిత్యము వినవచ్చు మాటలు కొన్ని గలవు. "వితండవాదము చేయకుము" అని ఒకరందురు. "ఆ మాటకు హేతువేమి?" అని వేరొకరడుగుదురు. పొలముగట్టు తగవు న్యాయస్థానమున కెక్కినచో ఒకరు వాది, మరియొకరు ప్రతివాది యగుదురు. పక్షము, దృష్టాంతము, సిద్ధాంతము, నిర్ణయము అను మాటలు అక్షరజ్ఞానము లేనివారి నోటను సైతము వినబడును. ఇవన్నియు ఒక ప్రాచీనశాస్త్రమునుండి జారి పల్లెలకు చేరినవి. ఆ శాస్త్రమునకు ఆన్వీక్షికి యనియు, న్యాయమనియు, తర్కమనియు పేర్లు. మాటలు మిగిలినవి, వాని వెనుకనున్న కట్టుబాట్లు మరుగుపడినవి. అన్నిటికంటె వింత యేమనగా, ఆ శాస్త్రమున మిక్కిలి గౌరవముగల 'వాదము' అను మాట నేడు జగడమునకు మారుపేరైనది. ఇద్దరికి వాదము వచ్చినదన్నచో, అది కఱ్ఱ లెత్తుటకు ముందటి ఘట్టమనియే వినువారు తలచుదురు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆన్వీక్షికిని సర్వవిద్యలకు దీపముగా నెంచెను. దానిని క్రమమున నిలిపినవి గౌతముని పేర వెలసిన న్యాయసూత్రములు. అవి క్రీస్తుశకము తొలి శతాబ్దులలో నేటి రూపు దాల్చినవని పరిశోధకుల యభిప్రాయము. అందు చెప్పబడిన పదార్థములు 16. వానిలో చివరి 7 కేవలము సభలో మాటాడు తీరునకు సంబంధించినవే. ఇరువురు కూర్చుండి ఒక విషయమును విచారించుట మూడు తెఱగులని సూత్రకారుడు విభజించెను. ప్రమాణములతోను తర్కముతోను తన పక్షమును నిలుపుచు, ఎదుటి పక్షమును పరీక్షించుచు, సత్యము తేలువరకు సాగునది వాదము. గురుశిష్యులు, సహాధ్యాయులు చేయునది ఇదియే. గెలుపే గురిగా, మాటలలోని మెలికలను సైతము వాడుకొనుచు సాగునది జల్పము. తనకంటూ ఒక పక్షము నిలుపక, ఎదుటివాని మాటను కూలద్రోయుటయే పనిగా పెట్టుకొన్నది వితండము. పల్లెలో వితండమని నిందింపబడునది తరచుగా జల్పమే. ఏలన, తనకంటూ ఒక పక్షము లేని మనుష్యుడు పల్లెలో దొరకుట అరుదు.

మఱి జల్పవితండములను శాస్త్రమున కెక్కించుట యేల? ఇందులకు సూత్రకారుడు సేద్యగాని యుపమానముతో సమాధానము చెప్పెను. మొలకెత్తుచున్న విత్తనమునకు ముళ్ళకొమ్మల కంచె యెట్లో, తత్త్వనిశ్చయమును కాపాడుకొనుటకు ఇవియు నట్లే యని యాతని భావము. కంచె వేసి, లోపల విత్తు చల్లుట మఱచినవాడున్నచో ఆ తప్పు సూత్రకారునిది కాదు.

మెలికలకు ఛలమని పేరు. క్రొత్త కంబళి కప్పుకొన్నవానిని చూచి ఒకడు 'నవకంబళుడు' అనగా, "తొమ్మిది కంబళ్ళేవి? ఒకటియే గదా!" అని అడ్డుపడుట వాక్ఛలము. నవశబ్దమునకు క్రొత్త యనియు, తొమ్మిది యనియు రెండర్థములుండుటయే వాని బలము. "మంచెలు కేకలు వేయుచున్నవి" అనగా, "కొయ్యలకు నోరెక్కడిది?" అని అడుగుట ఉపచారచ్ఛలము. మంచెమీది కావలివారు పిట్టలను తోలుచు అరచుచున్నారని జొన్నచేను చూచిన పిల్లవానికిని తెలియును. తెలిసియు తెలియనట్లు నటించుటయే ఛలము.

ఈ శాస్త్రమంతటిలో లోకమునకు మిక్కిలి పనికివచ్చు భాగము నిగ్రహస్థానములు. సభలో ఒకడు ఓడెనని నిర్ణయించుటకు ఇవి గుర్తులు, మొత్తము 22. వీనిలో ఒకటి అననుభాషణము. ఎదుటివాడు మూడుమారులు చెప్పగా సభకు బోధపడిన మాటను తిరిగి పలుకలేనివాడు ఓడినట్లే. అనగా ఖండింపవలెనన్న ముందుగా వినవలయును, విన్నదానిని వినిపింపగలుగవలయును. దీనికి సరిజోడుగా అవిజ్ఞాతార్థము మఱియొకటి గలదు. తాను మూడుమారులు చెప్పినను సభకుగాని ప్రతివాదికిగాని అర్థము కానిచో ఓటమి చెప్పినవానిదే. పెద్ద మాటలు వాడి నోళ్ళు మూయింపజూచు పండితులకు ఇంతకంటె గట్టి కళ్ళెము వేఱొకటి లేదు. మాట నిలువదని తోచినంతనే ఇంటిలో పనియున్నదని లేచిపోవుట విక్షేపము. తనపై మోపబడిన దోషమును కాదనక, "నీవును అట్టివాడవే" అని ఎదుటివానిపై అదే దోషమును మోపుట మతానుజ్ఞ. లోకమున దీనిని గట్టి సమాధానమని తలచుచుందురు. శాస్త్రము మాత్రము తన దోషమును ఒప్పుకొనుటగానే లెక్కకట్టినది. మొదట ఒక ప్రతిజ్ఞ చేసి, అది నిలువకపోగా మెల్లగా వేఱొక ప్రతిజ్ఞకు జరుగుటయు ఓటమియే. గట్టు తగవులలో కొలత తాడు చేతికి రాగానే తాతలనాటి ఒప్పందములు జ్ఞప్తికి వచ్చుట ఈ జాతిలోనిదే.

ఈ విద్య పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. వైద్యులకు ఇది వృత్తిధర్మము. చరకసంహితలో విమానస్థానము ఎనిమిదవ యధ్యాయమున వైద్యుడు తోడివైద్యునితో సంభాషింపవలసిన తీరు సవిస్తరముగా చెప్పబడినది. ఒకని తప్పు రోగి ప్రాణముమీదికి వచ్చును గావున, సందేహమును దాచుకొనక అడుగుట యందు ప్రధానము. కలసి విచారించుట సంధాయసంభాష. తలపడి మాటాడుట విగృహ్యసంభాష. మొదటిదానియందు నిర్భయముగా అడుగవలయును, నిర్భయముగా చెప్పవలయును. ఎదుటివాడు తప్పినచో సంతోషింపరాదు, ఆ సంగతి నలుగురిలో చాటుకొనరాదు. రెండవదానియందు మాత్రము చరకము లౌకికమైన ఉపాయములను దాచలేదు. శాస్త్రపాఠము లేనివానిని పొడుగాటి సూత్రపాఠముతో ముంచివేయుమని గూడ చెప్పినది. ఇది విని కొందఱు ముఖము చిట్లింపవచ్చును గాని, ఉపాయము తెలియనివాడే దానికి లోబడును.

చరకము సభను గూడ పరీక్షింపుమన్నది. సభ తెలిసినవారిదా, తెలియనివారిదా. అందు మిత్రులున్నారా, తటస్థులున్నారా, ముందుగనే ఒక పక్షమునకు కట్టువడినవారున్నారా? ఈ కడపటి సభలో ఎవ్వరితోను వాదింపరాదని దాని యుపదేశము. ఇట్టి సభ యెట్లుండునో భారతము వినినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. సభాపర్వమున ద్రౌపది ప్రాతికామిచేత సభకు పంపిన ప్రశ్న ఏడుపు కాదు, శాపము కాదు. స్వత్వమును గూర్చిన శుద్ధమైన తర్కము. ధర్మరాజు తన్ను ఓడిన పిమ్మట భార్యను పణముగా పెట్టెనా, అంతకు ముందే పెట్టెనా యని ఆమె యడిగెను. తన్ను తాను ఓడినవానికి మఱియొకరిపై హక్కెక్కడిది? భీష్ముడు ధర్మము సూక్ష్మమని తేల్పలేకపోయెను. వికర్ణుడు చిన్నవాడయ్యును లేచి హేతువులు చెప్పెను. కర్ణుడు అతనిని అదలించెను. విదురుడు సభ్యులను సమాధానము చెప్పుడని హెచ్చరించెను. తక్కినవారు నోరు విప్పలేదు. అచట లోపించినది వాదించు నేర్పు కాదు. ప్రశ్న దోషరహితము; సభయే సభ కాలేదు.

ఆ భారతమునందే శాంతిపర్వమున సులభ యను సన్న్యాసిని జనకరాజునకు వాక్యలక్షణమును బోధించును. సూక్ష్మత, లెక్క, క్రమము, నిర్ణయము, ప్రయోజనము అను అయిదును కలిగినదే వాక్యమనియు, కామక్రోధభయలోభములచేత తాను పలుకననియు ఆమె చెప్పును. రాజు అంతకు ముందు ఆమెను నిండుసభలో పరుషముగా ఆక్షేపించియుండెను. ఆమె కోపపడక, ఒక్కొక్క ఆక్షేపమునకు వరుసగా సమాధానము చెప్పి ముగించును. బౌద్ధుల మిళిందపన్హమునందు నాగసేనుడు యవనరాజగు మిళిందునితో మాటాడుటకు ఒక కట్టుబాటు పెట్టెను. పండితులు మాటాడునట్లయినచో సరే, రాజులు మాటాడునట్లయినచో వలదనెను. పండితుడు తప్పు చూపబడినచో ఒప్పుకొనునట, రాజు దండించునట. మిళిందుడు అందుల కంగీకరించెను.

ఇక హేతువు సంగతి. ఈ విషయమున ఆంధ్రదేశమునకు పూర్వసంబంధము గలదు. 7వ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్, వేంగీనగరమునకు సమీపమునగల కొండపై దిఙ్నాగాచార్యుడు నివసించి హేతువిద్యాగ్రంథము రచించెనని వ్రాసికొనెను. దిఙ్నాగుని మతమున మంచి హేతువునకు మూడు లక్షణములు. అది విచారణలోనున్న వస్తువునందు ఉండవలయును. దానివంటి వానియందు కనబడవలయును. దానికి భిన్నమైనవానియందు ఎచటను కనబడరాదు. కళ్ళములో ధాన్యము పోయినదనుకొందము. "వాడు రాత్రివేళ గట్టుమీద కనబడినాడు, కావున దొంగ వాడే" అని ఒకడనును. వాడు కనబడుట నిజమే కావచ్చును. దొంగలు రాత్రివేళ తిరుగుటయు నిజమే. కాని మడికి నీరు కట్టుకొనువాడును రాత్రివేళ గట్టుమీదనే యుండును. మూడవ లక్షణము తప్పినది. శాస్త్రకారులు ఇట్టి హేతువును సవ్యభిచారమనిరి. ఈ మూడవ లక్షణమును చూచుకొనక ఎందఱు పేదలు ఎన్ని పల్లెలలో నిందల పాలైరో లెక్క వ్రాసినవారు లేరు.

తరువాతి కాలమున మిథిలయందు గంగేశుడును, నవద్వీపమునందు రఘునాథశిరోమణియు తర్కమును ఎంతో సూక్ష్మము చేసిరి. ఆ సూక్ష్మతతోపాటు అవచ్ఛేదకావచ్ఛిన్నములు పెరిగి, సామాన్యుడు దూరమునుండి నమస్కరించు స్థితి వచ్చినది. 17వ శతాబ్దమున అన్నంభట్టు తర్కసంగ్రహమును వ్రాయకున్నచో ఈ విద్య క్రొత్తవారికి అందకపోయెడిది. ఆయన ఆంధ్రుడు, అద్వైతవిద్యాచార్యుడైన తిరుమలాచార్యుని కుమారుడు. కొలది పుటల ఆ పుస్తకమున ఆయన కొండమీది పొగను చూచి నిప్పును ఊహించుట నేర్పును. వంటయింటిలో పొగయు నిప్పును కలసియుండుట చూచినాము గదా యని దృష్టాంతము. దీనిని తలక్రిందులు చేసి, నిప్పున్నది కావున పొగయున్నదనరాదు. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుపముద్దయందు నిప్పున్నది, పొగ లేదు. పొగకు తడికట్టె గూడ కావలయును. పైకి చెప్పని ఆ తడికట్టెకు ఉపాధి యని పేరు. ఎవ్వడైన ఒక మాట గట్టిగా చెప్పినపుడు అందలి తడికట్టె యెక్కడనున్నదో వెదకుట తార్కికుని పని.

అన్నంభట్టు తన గ్రంథమును బాలుర సుఖబోధకొఱకు వ్రాయుచున్నానని మొదటనే చెప్పుకొనెను. బాలుడనగా పాలు త్రాగు శిశువు కాదని వ్యాఖ్యాతలు వివరించిరి. వ్యాకరణము, కావ్యము, కోశము చదివియు తర్కము చదువనివాడు బాలుడట. ఆ లెక్కన తల నెరసిన బాలురు ప్రతి గ్రామమునను కొందఱు తప్పక యుందురు.