తెల్లమచ్చ నేర్పిన పాఠం: రొయ్య చచ్చినప్పుడు మన తీరం ఎలా నిలబడింది



సిరిగేరిలోనూ చుట్టుపక్కల క్యాంపుల్లోనూ ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి నెల్లూరు, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చుట్టాలున్నారు. మన పెద్దలు తుంగభద్ర కాలువను నమ్ముకుని ఇటు వచ్చి వరి వేశారు. అక్కడ ఉండిపోయిన వాళ్ళలో కొందరు ఉప్పునీటిని నమ్ముకుని రొయ్య వేశారు. ఆ రొయ్య చెరువులకు చెరువులుగా చచ్చిపోయినప్పుడు వాళ్ళు ఏం చేశారో ఈసారి చెప్పుకుందాం.

1990ల మొదట్లో టైగర్ రొయ్యకు విదేశాల్లో మంచి ధర ఉండేది. నెల్లూరు దగ్గర కండలేరు క్రీకు పొడవునా చెరువులు లేచాయి. ఎక్కువ పిల్లను వదలడం, ఎక్కువ మేత వేయడం, మురికినీళ్ళు మళ్ళీ క్రీకులోకే తోసేయడం, ఇదీ పద్ధతి. ఒకరు వదిలిన నీళ్ళే పక్కవాడు మోటారు పెట్టి తోడుకునేవాడు. తైవాన్‌లో అప్పటికే ఇలాంటి దెబ్బ తగిలింది. 1987లో అక్కడ టైగర్ రొయ్య దిగుబడి శిఖరాన ఉంది. 1988లో సగానికి పైగా పడిపోయింది. ఆ వార్తను మన వైపు పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

1994 చివర్లో వైట్ స్పాట్ వైరస్ మన తీరానికి వచ్చింది. రొయ్య మేత మానేస్తుంది, గట్టు పక్కకు చేరుతుంది, పెంకు మీద తెల్లమచ్చలు పడతాయి. వారం పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ. దీనికి మందు లేదు, ఇప్పటికీ లేదు. తల్లి రొయ్య నుంచి పిల్లకు, నీటితో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, పీతల ద్వారా గట్టు దాటి కూడా వస్తుంది. అప్పు తెచ్చి కౌలుకు చెరువు తీసుకున్న చిన్న రైతుకు చెరువు పోయినా అప్పు మిగిలింది.

అదే రోజుల్లో తమిళనాడులో సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం కాబట్టి ఆ పోరాటాన్ని మేము తమిళ పత్రికల్లోనే చదివాము. తాగే నీళ్ళు ఉప్పుబారాయి, పొలాలు చౌడుబారాయి, జాలర్లకు సముద్రానికి దారి మూసుకుపోయింది అన్నది ఆ ఊళ్ళ గోడు. 1996 డిసెంబర్ 11న కోర్టు, సంప్రదాయ పద్ధతి చెరువులు తప్ప తీర నియంత్రణ పరిధిలోని మిగతావన్నీ తీసేయాలంది. తర్వాత రివ్యూ పిటిషన్లు నడిచాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. చెరువులు మిగిలాయి, కానీ రిజిస్ట్రేషన్, నిబంధనలు వచ్చాయి.

చట్టం కాగితం మీద ఉంటుంది. రోగం మాత్రం నీళ్ళలో ఉంటుంది. అసలు మార్పు ఒక ఊళ్ళో మొదలైంది. 2002లో పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో ఎంపెడా వాళ్ళ సాయంతో అయిదుగురు రైతులు కలిశారు. పీసీఆర్ పరీక్ష చేసిన పిల్లనే కలిసి కొనడం, అందరూ ఒకేసారి వదలడం, నీటిని బ్లీచింగ్ చేయడం, పీతలు రాకుండా వల కట్టడం వాళ్ళ నియమాలు. అన్నిటికంటే ముఖ్యం, చెరువులో రోగం కనిపిస్తే దాచకుండా పక్కవాళ్ళకు చెప్పాలి, ఆ నీళ్ళు శుద్ధి చేయకుండా వదలకూడదు. వీటికి ఆక్వా క్లబ్బులని పేరు. 2006 నాటికి ఆ పద్ధతిలో ఏడు వందల మందికి పైగా రైతులు చేరారు. 2007లో దీనికోసమే నాక్సా అనే సంస్థ వచ్చింది.

మేము రైల్వేలో పనిచేసిన వాళ్ళం. ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాకుండా బండి కదలదు. మొగల్తూరు రైతులు నీటికి ఆ పద్ధతే పెట్టుకున్నారని మాకు అనిపిస్తుంది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలను చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షించాకే హేచరీలకు ఇచ్చారు. దిగుబడి బాగా పెరిగింది. కానీ వనామీకీ తెల్లమచ్చ వస్తుంది. తర్వాత ఈహెచ్‌పీ అనే కొత్త తెగులు చేరింది. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మేత ఖర్చు పెరుగుతుంది, తూకం రాదు. అంటే రొయ్య రకం మార్చుకున్నంత మాత్రాన గండం గడవలేదు.

ఈ ముప్పై ఏళ్ళ చరిత్రలో మాకు కనిపించేది ఒక్కటే. నష్టాన్ని దాచుకుంటే పరువు నిలిచిందనుకున్నాం. అదే పక్కవాడి చెరువును కూడా ముంచింది. నష్టం గురించి నలుగురికీ చెప్పిన ఊరు మళ్ళీ పంట తీసింది. మనమూ ఒకే కాలువ నీళ్ళు తాగేవాళ్ళం. పై పొలంలో కొట్టిన మందు కింది పొలానికి పారుతుంది. పైరుకు తెగులు వస్తే మన సంఘంలో మొదట చెప్పేదెవరు? చెప్పినవాణ్ణి చులకన చేయకుండా వినేదెవరు? వచ్చే సమావేశంలో ఈ మాట తీద్దాం.

తీరంలో చెరువులు చేసిన చుట్టాలున్న సభ్యులు, 1994, 95లలో వాళ్ళ ఇళ్ళలో ఏం జరిగిందో అడిగి కింద రాయండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగాలి.