కెప్టెన్ గారి భార్య

2015 జూన్‌లో కాకినాడ నుంచి వేటకు వెళ్ళిన 'దుర్గమ్మ' అనే పడవ ఇంజను చెడిపోయి, లంగరు కూడా పోయి, బంగాళాఖాతంలో కొట్టుకుపోయిన సంగతి మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. పడవలో ఏడుగురు. తిండీ నీళ్ళూ కెరటాలకు కొట్టుకుపోతే, చేపల కోసం తెచ్చుకున్న మంచుగడ్డలు నోట్లో వేసుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. ఇళ్ళ దగ్గర వాళ్ళ మీద ఆశ వదిలేసుకున్నారు. ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ దగ్గర 'సంపూర్ణ స్వరాజ్య' అనే చమురు ఓడ వాళ్ళను చూసింది. పాతిక అడుగుల అలల్లో మూడు సార్లు ప్రయత్నించి ఏడుగురినీ పైకి చేర్చారు. ఆ ఓడ కెప్టెన్ రాధికా మీనన్ అనే కేరళ ఆవిడ. 1991లో ఓడలో రేడియో ఆఫీసరు పనికి చేరి, మెట్టు మెట్టుగా పరీక్షలు రాసి, 2012లో మన దేశపు వాణిజ్య నౌకల్లో మొట్టమొదటి మహిళా కెప్టెన్ అయింది.

ఆ వార్త చదివినప్పుడు నాకొక సందేహం కలిగింది. ఇంతకు ముందు ఏ ఆడదీ ఓడ నడపలేదా? నడిపింది. అయితే ఆమెకు ఉద్యోగమూ లేదు, సర్టిఫికెట్టూ లేదు, జీతమూ లేదు. ఆమె ఒక కెప్టెన్ గారి భార్య, అంతే. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు పిల్ల. పేరు మేరీ పాటెన్. ఇవాళ మీకు చెప్పబోయేది ఈమె కథే.

మేరీ 1837లో పుట్టింది. పదహారేళ్ళు నిండీ నిండకుండానే జాషువా పాటెన్ అనే నావికుడితో పెళ్ళయింది. 1855లో అతనికి 'నెప్ట్యూన్స్ కార్' అనే ఓడ మీద కెప్టెన్ పదవి వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే 'వరుణదేవుడి రథం' అనుకోండి. 216 అడుగుల పొడవు, మూడు కొయ్య స్తంభాలు, ఒక్కొక్క స్తంభానికీ అంతస్తులు అంతస్తులుగా తెరచాపలు. క్లిప్పర్లు అనేవారు ఇలాంటి ఓడల్ని. ఇంజను లేదు, గాలే ఆధారం. కొత్త పెళ్ళాన్ని నెలల తరబడి వదిలి వెళ్ళడం ఇష్టంలేక ఆయన ఆమెను వెంట తీసుకువెళ్ళాడు.

ఓడ మీద కాపురమంటే షికారు అనుకునేరు! నావికులు నాలుగు గంటలు పని, నాలుగు గంటలు పడక చొప్పున వంతులు మార్చుకుంటారు. ఉప్పులో ఊరిన మాంసం, రాయిలాంటి బిస్కెట్లు, ఆరని బట్టలు. కెప్టెన్ గారి గది కొంచెం నయమే గాని, ఆయన భార్యకు మాట్లాడే మనిషి ఉండదు. ఇరుగు లేదు, పొరుగు లేదు. అలాంటి చోట ఈమె ఏం చేసిందో తెలుసా? పొద్దుపోక భర్త పుస్తకాలు తీసింది. ప్రపంచమంతా చుట్టిన ఆ మొదటి ప్రయాణంలోనే తాళ్ళ పేర్లు, తెరచాపల తీరు, గాలి వాలు, అన్నిటికన్న ముఖ్యంగా ఓడ ఎక్కడుందో లెక్క కట్టడం నేర్చుకుంది.

ఆ లెక్క నాకు అర్థమైనంతలో చెబుతాను. చుట్టూ నీళ్ళే కదా, గుర్తుకు చెట్టూ చేమా ఉండవు. నడిమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి ఎంత ఎత్తున ఉన్నాడో సెక్స్టెంట్ అనే పరికరంతో కొలుస్తారు. దానితో భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నామో, ఎంత దక్షిణాన ఉన్నామో తేలుతుంది. తూర్పు పడమరల సంగతి గడియారం చెప్పాలి. ఓడలోని గడియారం ఇంగ్లండులోని గ్రీనిచ్ వేళ చూపుతూ ఉంటుంది. మనకు మధ్యాహ్నమైనప్పుడు అక్కడెంతయిందో చూసి, గంట తేడాకు 15 డిగ్రీల చొప్పున లెక్క వెయ్యాలి. నాలుగు నిమిషాలు పొరబడ్డామా, ఒక డిగ్రీ తప్పినట్టే. భూమధ్యరేఖ దగ్గర అయితే అది 110 కిలోమీటర్ల పైమాటే!

ఇది చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చి సిగ్గేసింది. ఒకసారి మావారు జ్వరంతో పది రోజులు మంచం పట్టారు. బ్యాంకులో డబ్బు తియ్యడానికి ఏ కాగితం నింపాలో తెలియక కౌంటరు దగ్గర బిక్కమొహం వేసుకు నిలబడ్డాను. పదిహేనేళ్ళుగా ఆయన నా ఎదురుగానే నింపుతుండేవారు. నేనే ఎప్పుడూ తొంగి చూడలేదు.

సరే, కథలోకి వద్దాం. 1856 జూలై 1న ఆ ఓడ న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరింది. రెండూ ఒకే దేశంలోని రేవులే. కాని అప్పటికి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు లేదు, పనామా కాలువ తవ్వలేదు. కనుక ముందు గదిలోంచి పెరట్లోకి వెళ్ళడానికి ఊరంతా ప్రదక్షిణం చేసినట్టు, దక్షిణ అమెరికా ఖండం మొత్తం చుట్టి రావాలి. ఆ ఖండం చివర కేప్ హార్న్. పడమటి గాలి ఎదురుగా ఈడ్చి కొడుతుంది. పైగా మనకు ఎండలూ వానలూ ఉండే ఆ నెలల్లో అక్కడ నిండు చలికాలం, మంచు.

దారిలో ప్రధాన మేటు, అంటే కెప్టెన్ తర్వాతివాడు, కాపలా వేళ నిద్రపోతున్నాడని జాషువా అతణ్ణి పనిలోంచి తీసేసి నిర్బంధించాడు. రెండో మేటు మంచివాడే గాని దారి లెక్క కట్టడం రాదు. దాంతో రాత్రింబవళ్ళు తానే పని చేసి, కేప్ హార్న్ సమీపించే వేళకు జాషువా కుప్పకూలాడు. క్షయ రోగం, తీవ్రమైన జ్వరం, సంధి ప్రేలాపన. ఓడలో లెక్క తెలిసిన వాళ్ళు ఇక ఇద్దరే: నిర్బంధంలో ఉన్న మేటు, 19 ఏళ్ళ మేరీ. ఆమె అప్పటికి కడుపుతో ఉంది. నెలలు లెక్కవేస్తే వేవిళ్ళు పూర్తిగా తగ్గని రోజులేమో!

నన్ను విడిపించు, ఓడ నేను నడుపుతానని మేటు కబురంపాడు. మేటుగానే నా భర్త నిన్ను నమ్మలేదు, కెప్టెన్‌గా నేనెలా నమ్మను అన్న ధోరణిలో ఆమె జవాబు చెప్పిందట. అతను నావికుల్ని ఎగదొయ్యబోయాడు. వాళ్ళు ఆమె పక్షానే నిలబడ్డారు. ఆ తుపానుల్లో, ఆ వయసు పిల్ల మాట మీద, స్తంభాలెక్కి తెరచాపలు దించారు, కట్టారు. ఓడలో ఆడది ఉండడమే అరిష్టమని నమ్మే కాలం అది, మరిచిపోకండి.

మధ్యలో భర్త కొంచెం తేరుకుని, పాపం పోనీలే అని మేటును మళ్ళీ పనిలో పెట్టాడు. అతను ఓడను మెల్లగా చిలీ దేశపు వాల్పరైజో రేవు వైపు మళ్ళిస్తున్నాడని తేలడంతో మళ్ళీ తీసేశారు. అక్కడ ఆగితే నావికులు చెదిరిపోతారు, సరుకుకు దిక్కుండదు అని మేరీ భయం. ఒక చేత్తో లెక్కలు, ఒక చేత్తో సేవ. వైద్య పుస్తకాలు తిరగేసి భర్తకు మందులిచ్చింది. 50 రోజుల పాటు ఒంటి మీది బట్టలు విప్పి సరిగా పడుకున్నది లేదు. నవంబరు 15న ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. పోటీగా బయలుదేరిన 'ఇంట్రెపిడ్' అనే ఓడ ఇంకా వెనకాలే ఉంది!

సరుకు విలువ మూడున్నర లక్షల డాలర్లని అప్పట్లో చెప్పుకున్నారు. బీమా వాళ్ళు మెచ్చి ఆమెకిచ్చింది 1000 డాలర్లు. దానికి ఆమె రాసిన జవాబులో, భార్యగా చెయ్యవలసిన పనే చేశానంది. ఆమె అలా అనుకుంటే అనుకోనివ్వండి, నేను మాత్రం ఒప్పుకోను. భర్త తల దగ్గర కూర్చుని తడిగుడ్డ వెయ్యడం భార్య పని. తుపానులో సూర్యుడు ఒక్క నిమిషం కనిపిస్తే కొలత తీసి, లెక్క కట్టి, కేప్ హార్న్ దాటించడం కెప్టెన్ పని. ఆ పని ఆమె చేసింది. ఆ పేరు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

1857 మార్చిలో కొడుకు పుట్టాడు. జాషువాకు అప్పటికే చూపు పోయింది. ఆ జూలైలో పోయాడు. భర్తకు చాకిరీ చేసిన మేరీకి అదే క్షయ సోకింది. 1861 మార్చిలో, 24 ఏళ్ళు నిండడానికి కొద్ది రోజుల ముందు, ఆమె కూడా కన్నుమూసింది.

న్యూయార్క్ దగ్గర కింగ్స్ పాయింట్‌లో ఓడ ఆఫీసర్లను తయారుచేసే ప్రభుత్వ విద్యాలయం ఉంది. అక్కడి ఆసుపత్రికి తర్వాతి కాలంలో పాటెన్ పేరు పెట్టారు. ఆ విద్యాలయంలో ఆడపిల్లల్ని చేర్చుకోవడం 1974లో మొదలుపెట్టారు.