కేంద్రకం గడప వద్ద ఒక చిన్న ప్రోటీన్



1970ల తొలినాళ్ళలో, వైద్యవిద్య మొదటి సంవత్సరంలో, జీవరసాయన శాస్త్రం మాష్టారు నల్లబల్ల మీద డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రోటీన్ అని మూడు మాటలు వ్రాసి వాటి నడుమ రెండు బాణపు గుర్తులు గీశారు. మేము వల్లె వేశాము, పరీక్షలో వ్రాశాము, మార్కులు తెచ్చుకున్నాము. ఆ రెండవ బాణంలో ఒక ప్రయాణం దాగి ఉన్నదని మాలో ఎవరికీ తోచలేదు.

తోచకపోవడానికి కారణం ఉన్నది. జన్యు సందేశాన్ని మోసుకుపోయే ఆర్ఎన్ఏను 1961లో బ్రెన్నర్, జాకబ్, మెసెల్సన్‌లు నిరూపించినది బాక్టీరియాలో. బాక్టీరియాకు కేంద్రకం లేదు. ఒక కొసన సందేశం ఇంకా వ్రాయబడుతూ ఉండగానే రెండవ కొసన దానిని చదివి ప్రోటీన్ తయారు చేసే పని మొదలవుతుంది. మీ దేహంలోని కణం అటువంటిది కాదు. అందులో డీఎన్ఏ రెండు పొరల గోడ వెనుక, కేంద్రకంలో ఉంటుంది. ప్రోటీన్లు తయారయ్యేది గోడకు బయట. కనుక సందేశం గడప దాటవలసినదే. ఆ గోడలో రంధ్రాలు ఉన్నవని 1950లోనే కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు ఉభయచరాల అండకణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారు. రంధ్రమైతే కనిపించింది గాని, లోపల వ్రాసే పనికీ ద్వారం వద్ద పంపే పనికీ సంబంధం ఏమిటో చాలాకాలం తెలియలేదు.

1985లో గుంటర్ బ్లోబెల్ ఒక ఊహ ప్రకటించారు. పని చేస్తున్న జన్యువులు కేంద్రక రంధ్రాల చెంతకు చేరి, అక్కడే సందేశం వ్రాయించుకొని, నేరుగా బయటికి పంపుతాయేమో అన్నారు. చేతిలో ఋజువు లేదు. (ఈయనకే 1999లో మరొక పనికి నోబెల్ వచ్చింది. ఆ ధనాన్ని యుద్ధంలో కూలిన డ్రెస్డెన్ నగరపు చర్చి పునర్నిర్మాణానికి ఇచ్చారు. నాకు ఆయనపై గౌరవం కలగడానికి ఇదీ ఒక కారణం.)

ఋజువు వైపు దారి తీసినది ఒక ఈగ ఒంటిరంగు. మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలను మీరు చూసే ఉంటారు. వాటిలో ‘ఎల్లో’ అనే జన్యువు చెడితే ఒళ్ళు పసుపుపచ్చగా మారుతుంది. 1989లో సోవియట్ శాస్త్రవేత్తలు జార్జియెవ్, గెరసిమోవా ఆ లోపాన్ని ఇంకా తీవ్రం చేసే మరికొన్ని జన్యువులను గుర్తించి, ‘ఎన్‌హాన్సర్ ఆఫ్ ఎల్లో’ అని వరుసగా పేర్లు పెట్టారు. వాటిలో రెండవది 2001లో సోఫియా జార్జియెవా బృందం చేతికి వచ్చింది. అది జన్యు సందేశం వ్రాయించే యంత్రాంగంలోని ప్రోటీన్ అని తేలింది. మనలో దాని ప్రతిరూపం పేరు ఈఎన్‌వై2. పేరులో నేటికీ ఈగ పసుపుదనం అంటుకొనే ఉన్నది.

2004లో సుసానా రోడ్రిగేజ్-నవారో, ఎడ్ హర్ట్ మొదలైనవారు ఈస్ట్‌లో, అంటే పిండిని పులియబెట్టే శిలీంధ్రంలో, దీని సోదరుడిని పట్టుకున్నారు. ఆ జన్యువు మరీ చిన్నది. పైగా నడుమ రెండు చోట్ల తెగి ఉంటుంది. అందువల్లనే కాబోలు, ఈస్ట్ జన్యువుల తొలి జాబితాలో దానికి చోటు దక్కలేదు. ఇంతకూ ఆ బృందం చూసిన వింత ఏమిటంటే, అదే ప్రోటీన్ రెండు చోట్ల దొరికింది. సందేశం వ్రాయించే ‘సాగా’ అనే పెద్ద కూటమిలో ఒకసారి, కేంద్రక రంధ్రాన్ని అంటిపెట్టుకొని సందేశాన్ని బయటికి పంపే మరొక కూటమిలో ఇంకొకసారి. రెండేళ్ళకు, చక్కెర తగిలి మేల్కొన్న ఈస్ట్ జన్యువు కేంద్రకపు అంచుకు చేరి అక్కడే మెదలుతూ ఉండడాన్ని కూడా చూశారు. బ్లోబెల్ ఊహ ఈస్ట్ వరకు చాలా భాగం నిలిచింది. మన కణాల్లో అంత సూటిగా సరిపోదు. మన కేంద్రకపు అంచున ఎక్కువగా నిద్రాణమైన జన్యువులే ఉంటాయి. కాని ఈఎన్‌వై2 మాత్రం మనలోనూ ఆ రెండు కూటముల్లోనూ ఉన్నది. దాని పొడవు కేవలం 101 అమైనో ఆమ్లాలు.

‘ఇది మాకెందుకు, డాక్టరుగారూ?’ అని మీరు అడగవచ్చును.

సాగా కూటమిలో ఈఎన్‌వై2 నలుగురు సభ్యుల ఒక చిన్న జట్టులో ఉంటుంది. డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ల మీది ఒక గుర్తును తొలగించడం ఆ జట్టు పని. అదే జట్టులోని మరొక సభ్యుని పేరు అటాక్సిన్-7. దాని జన్యువులో ‘సీఏజీ’ అనే మూడక్షరాలు అవసరానికి మించి మళ్ళీ మళ్ళీ వస్తే, చూపునూ నడకనూ కలిపి హరించే వంశపారంపర్య వ్యాధి వస్తుంది. ఆ జన్యువును 1997లో కనుగొన్నారు. వ్యాధిని ఆపే మందు నేటికీ లేదు.

1985 ప్రాంతంలో నేను పనిచేసిన ఆసుపత్రికి పదకొండేళ్ళ పిల్లవాడిని తీసుకువచ్చారు. ఏడాదిగా చూపు తగ్గుతున్నది. తరువాత నడక తూలసాగింది. తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడు. కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయట తిరిగిందని అత్తవారు తల్లిని నిందిస్తున్నారు. నేను విటమిన్ మాత్రలు వ్రాసి పంపాను. ఇతర కుటుంబ సభ్యులను పరీక్షించాలని తోచలేదు. నాలుగేళ్ళకు తండ్రే వచ్చాడు. ‘డాక్టరు బాబూ, పసుపు బట్టా తెల్ల బట్టా ఒక్కలాగే కనిపిస్తున్నాయండి’ అన్నాడు. గది దాటేటప్పుడు తలుపు పట్టుకొని నడిచాడు.

వారికి జన్యు పరీక్ష జరగలేదు కనుక ఆ వ్యాధి ముద్ర వేయను. అయితే ఈ వ్యాధిలో రంగులు, ముఖ్యంగా నీలం, పసుపు, ముందుగా తారుమారు కావచ్చును. తరం మారినప్పుడు, మరీ ముఖ్యంగా తండ్రి నుండి సంక్రమించినప్పుడు, ఆ మూడక్షరాల వరుస పెరిగిపోతుంది. అందుచేత బిడ్డకు ముందు, తండ్రికి వెనుక వ్యాధి బయటపడడం జరుగుతుంది. తల్లి గ్రహణం చూడడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆమెకు ఈ మాట చెప్పగలిగే నాటికి ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోయింది.

మీ ఎరుకలో చూపు, నడక రెండూ క్రమంగా తగ్గుతున్న పిల్లలు ఎవరైనా ఉంటే, కంటి వైద్యునితో ఆగక నరాల వైద్యుని వద్దకు కూడా తీసుకువెళ్ళండి. తల్లిదండ్రులు ఇద్దరూ వెంట వెళ్ళాలి. రక్తంతో చేసే జన్యు పరీక్ష ఇప్పుడు ఉన్నది. ఫలితం వచ్చాక తోబుట్టువుల గురించి, ఇకముందు పుట్టబోయే బిడ్డల గురించి వైద్యుని అడగండి. ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం.